అబెషేలో మాబా భాష ట్యూషన్: డబ్బులు పెట్టొచ్చా?

ముందే చెప్పేస్తాను, పెట్టొచ్చు. అయిదుకి మూడున్నర ఇస్తాను. తగ్గించిన దాంట్లో ఒకటి పుస్తకం లేనందుకు, అర టైముకి మొదలుకానందుకు. మాస్టారు చెప్పే తీరుకి మాత్రం పూర్తి మార్కులే.

అబెషే ఎక్కడుందో తెలియనివాళ్ళకి: చాద్ దేశంలో తూర్పు వైపు, రాజధాని ఎన్‌జమేనా నుంచి రోడ్డు మీద దాదాపు 900 కిలోమీటర్లు. ఇంకా తూర్పుకి పోతే అద్రే అనే సరిహద్దు ఊరు, దాని అవతల సూడాన్‌లోని డార్ఫుర్. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలయ్యాక లక్షల మంది ఆ సరిహద్దు దాటి వచ్చారు, సహాయ సంస్థలన్నీ అబెషేని అడ్డా చేసుకున్నాయి. డాక్టర్లనీ, నర్సులనీ, లాజిస్టిక్స్ అనీ, నాలాగా బోర్లూ చేతిపంపులూ చూసుకునేవాళ్ళనీ, అప్పుడప్పుడు మనవాళ్ళు కూడా తగులుతుంటారు. బయల్దేరే ముందు అందరూ అడిగేది ఒకటే, అక్కడ ఏం మాట్లాడతారు అని. ఫ్రెంచ్, అరబిక్ అని ఆఫీసువాళ్ళు జవాబిస్తారు. దేశానికి అధికార భాషలు ఆ రెండే కాబట్టి అది తప్పు కాదు. కానీ చాద్‌లో నూటికి పైగా భాషలున్నాయి, అబెషే చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా మాబా. దాన్ని వాళ్ళు బొర మాబఙ్ అంటారు. చివర వినపడేది మన ఙ, చిన్నప్పుడు వర్ణమాలలో నేర్చుకుని మళ్ళీ ఎక్కడా వాడని అక్షరం. ఇక్కడ మాత్రం పూటకి వందసార్లు పలకాలి.

ఇక ట్యూషన్ సంగతి. రిటైరయిన స్కూలు మాస్టారు ఒకాయన సాయంత్రాలు ఇంటి దగ్గర చెప్తారు. పేరు, ఇంటి గుర్తులు ఇక్కడ రాయను, అడగొద్దు. అబెషేలో పనిచేస్తున్న ఏ డ్రైవర్ని అడిగినా చూపిస్తారు. గంటన్నర క్లాసుకి 5,000 ఫ్రాంకులు, మన లెక్కలో ఏడెనిమిది వందల రూపాయలు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే తలా కొంచెం తగ్గిస్తారు, బేరం ఆడాలి, ఆడకపోతే ఆయనే కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనిపిస్తారు. ఫ్రెంచ్ వస్తే ఫ్రెంచ్‌లో చెప్తారు, రాకపోతే చాద్ అరబిక్‌లో. ఇంగ్లీషు మాత్రం అస్సలు లేదు. కాబట్టి రెండిట్లో ఏదో ఒకటి కొంచెమైనా రాకుండా వెళ్తే టైము వేస్టు, డబ్బు వేస్టు. నా అభిప్రాయం అడిగితే ముందు చాద్ అరబిక్ నేర్చుకోండి. బజారులో, ఆసుపత్రిలో, టాక్సీలో అదే నడుస్తుంది. మాబా దాని తర్వాత.

మరి అరబిక్‌తో పని జరిగిపోతుంటే మాబా ఎందుకు అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. మా పనిలో జరిగింది చెప్తాను. ఒక ఊళ్ళో చేతిపంపు కమిటీ మీటింగ్. పెద్దమనుషులు చెట్టు కింద కూర్చుని అరబిక్‌లో అంతా బాగుంది, నీళ్ళు పుష్కలంగా వస్తున్నాయి అంటున్నారు. మా దుబాసీ అది ఫ్రెంచ్‌లోకి మారుస్తున్నాడు, నేను రాసుకుంటున్నాను. పక్కన బిందెలూ జెర్రీకాన్లూ పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు మాత్రం మాబాలో గొణుక్కుంటున్నారు, వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటున్నారు. అప్పటికి నాకు వచ్చినవి అంకెలే, అవీ పదిలోపు. బార్ అని నాలుగైదుసార్లు వినపడింది, అంటే రెండు. దుబాసీని ఏమంటున్నారు అని అడిగితే ఏం లేదు సార్, ఆడవాళ్ళ మాటలు అన్నాడు. మీటింగ్ అయ్యాక పంపు దగ్గరికి వెళ్ళి, వచ్చీరాని భాషలో రెండేంటి అని అడిగాను. రెండు బిందెలు నిండాక పంపు ఒట్టిపోతుందట, మళ్ళీ చాలాసేపు ఆగాలట. వాషర్లు అరిగిపోయి ఉండొచ్చు, నీటిమట్టం కిందికి దిగిపోయి ఉండొచ్చు, ఏదైనా కావచ్చు, కానీ ఆ ఒక్క అంకె నా రిపోర్టుని తిప్పేసింది. మర్నాడు పైపులు పైకి లాగించాం. ఆ ఊళ్ళో ఎవరూ అబద్ధం చెప్పలేదనే నేను అనుకుంటాను. బయటివాళ్ళ ముందు ఊరి పరువు అరబిక్‌లో మాట్లాడుతుంది, ఊరి కష్టం మాబాలో మాట్లాడుతుంది, అంతే.

ఈ సంగతి చెప్తే మాస్టారు పెద్దగా ఆశ్చర్యపోలేదు. అంకెలు త్వరగా నేర్పడానికి కారణం అదే అన్నారు. నిజానికి ఆయన సిలబస్ అంటూ ఏమీ ఉండదు. మొదటి క్లాసులన్నీ పలకరింపులే. మనం బాగున్నారా, బాగున్నాం అని రెండు ముక్కల్లో తేల్చేస్తాం కదా, ఇక్కడ అలా కుదరదు. ఆరోగ్యం, ఇల్లు, పిల్లలు, పశువులు, నిద్ర, ఎండ అంటూ ఒకదాని తర్వాత ఒకటి అడగాలి, అవతలివాళ్ళు కూడా అడుగుతుంటారు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, అది గోల అనిపించినా మర్యాదే. ఆయన నన్ను గుమ్మం బయట నిలబెట్టి లోపలికి రానిచ్చేవారు కాదు, పలకరింపు మొత్తం పూర్తిచేస్తేనే చాప మీద కూర్చోనిచ్చేవారు. విసుగొచ్చేది. తర్వాత ఊళ్ళల్లో తిరుగుతుంటే తెలిసింది, అది వస్తే చాలు, మిగతా సగం పని అయిపోయినట్టే.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక సుఖం ఉంది, ఫ్రెంచివాళ్ళకి లేనిది. వాక్యం మన వాక్యమే. కర్త, కర్మ, ఆఖర్న క్రియ. నాతో పాటు నేర్చుకుంటున్న యూరప్ అమ్మాయి క్రియని మధ్యలో పెట్టేసి తిట్లు తింటుంటే నేను హాయిగా తెలుగులో ఆలోచించి మాటలు పేర్చుకుపోయేవాణ్ణి. ఆ హాయి క్రియ దగ్గరికి రాగానే ఆవిరైపోతుంది. మనం చేశాను, చేశావు, చేశాడు అని ఎవరు చేశారో తోకలో చెప్తాం, వీళ్ళు ఆ ముక్క క్రియకి ముందు తగిలిస్తారు. దాంతో ఒకే క్రియ మనిషిని బట్టి ముందు భాగం మార్చుకుని వేరే మాటలా వినపడుతుంది. నామవాచకాలు ఇంకో తలనొప్పి. మనకి పుస్తకం ఉంటే చివర లు కలిపి పుస్తకాలు చేసుకుంటాం. ఇక్కడ చాలా మాటల్లో ఒకటికి ఒక ప్రత్యయం, చాలా వాటికి ఇంకో ప్రత్యయం, ఏ మాటకి ఏది పడుతుందో కంఠతా పట్టాల్సిందే. పైగా స్వరం ఎత్తుపల్లాలున్న భాష, అంటే మాటలో గొంతు ఎక్కడ లేపాలో ఎక్కడ దించాలో కూడా లెక్కే. మాస్టారు చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ చెప్తారు, చూస్తే అర్థమవుతుంది, ఇంటికొచ్చి నోట్సు తీస్తే ఏమీ అర్థం కాదు.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. నోట్సు ఎలా రాసుకోవాలి? లాటిన్ లిపిలో రాసే పద్ధతి ఒకటుంది, అరబిక్ లిపిలో రాసేవాళ్ళూ ఉన్నారు. మాస్టారి సొంత నోటుబుక్కులో ఒక పేజీ అలా, ఒక పేజీ ఇలా, స్వరం గుర్తులు మనసుకి తోస్తే పెడతారు. ప్రింటు పుస్తకం లేదు, ఆడియో లేదు. ఫోన్లో రికార్డు చేసుకుంటానంటే ఒప్పుకున్నారు, అది పెద్ద ఊరట, కానీ వెనకాల మేకల అరుపులు, పక్కింటి జనరేటర్ మోత. 5,000 ఫ్రాంకులు తీసుకుంటున్నప్పుడు ఒక పది పేజీల జిరాక్సు ఇవ్వడం పెద్ద పని కాదు కదా. చివరికి నేనే తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టాను. హ్రస్వాలు, దీర్ఘాలు, ఙ, అన్నీ ఉన్నాయి, ఒక్క స్వరం గుర్తులు తప్ప. మాస్టారు ఆ పేజీలు తిరగేసి తెగ మురిసిపోయి ఇంట్లో అందరికీ చూపించారు. తెలుగువాళ్ళకి నా సలహా ఇదే, రోమన్ జోలికి పోకుండా మన లిపిలో రాసుకుని, స్వరం ఎక్కడ లేస్తే అక్కడ పైన ఒక గీత పెట్టుకోండి.

పుస్తకాలే లేవా అంటే, ఉన్నాయి, కానీ అవి నేర్చుకునేవాళ్ళ కోసం రాసినవి కావు. జర్మన్ యాత్రికుడు హైన్‌రిష్ బార్త్ 1850ల్లో ఈ ప్రాంతాల్లో తిరిగాడు, వదాయి (అబెషే ఉన్న ఈ ప్రాంతం పాత పేరు) దాకా వెళ్ళలేకపోయినా మాబా మాటలు పోగేసి 1860ల్లో మిగతా ఆఫ్రికా భాషలతో పాటు అచ్చువేశాడు. 1947లో త్రెంగా అనే ఫ్రెంచ్ ఆయన పుస్తకం వచ్చింది. 1991లో జాన్ ఎడ్గర్ మాబా, దాని చుట్టాల భాషల మాటలన్నీ పక్కపక్కన పెట్టి పదకోశం చేశాడు. పరిశోధన చేసేవాళ్ళకి బంగారమే, నీళ్ళ పంపు దగ్గర పనికొచ్చే వాక్యం మాత్రం ఒక్కటీ దొరకదు. ఇంకో జాగ్రత్త. నెట్‌లో మాబా అని వెతికితే ఇండోనేషియాలో హల్మహెరా దీవి భాష ఒకటి అదే పేరుతో వస్తుంది, దక్షిణ సూడాన్‌లోని మబాన్ కూడా మధ్యలో దూరుతుంది. భాషల అంతర్జాతీయ పట్టికలో మన మాబా కోడ్ ఎం-డి-ఇ, అది చూసుకుని దించుకోండి. మా టీమ్‌లో ఒకబ్బాయి ఇండోనేషియా మాటల జాబితా ఒకటి ప్రింటు తీయించి లామినేషన్ కూడా చేయించాడు, పాపం.

చుట్టాల భాషలు అన్నాను కదా, ఈ సంగతి సహాయ సంస్థల్లో పనిచేసేవాళ్ళకి ముఖ్యం. డార్ఫుర్ నుంచి వచ్చినవాళ్ళలో మసలిట్ తెగవాళ్ళు చాలా ఎక్కువ. 2023లో డార్ఫుర్‌లోని ఎల్ జెనీనా పట్నంలో వాళ్ళ మీద జరిగిన ఘోరాల గురించి పేపర్లలో చదివే ఉంటారు. మసలిట్, మాబా ఒకే కుదురు భాషలు, అలాగని ఒకటి వస్తే రెండోది వచ్చేయదు. మాబా మనిషిని పెట్టుకుంటే మసలిట్ క్యాంపులో దుబాసీ పని అయిపోతుందని మా పై ఆఫీసులో ఎవరో నమ్మారు, మాస్టారు నవ్వి మీ తెలుగాయనని తమిళుల దగ్గరికి పంపినట్టు ఉంటుంది అన్నారు. (నేను ఎప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకున్నారు.) క్యాంపుల్లో పనిచేసేవాళ్ళు ఈ ట్యూషన్ మీద డబ్బు పెట్టే ముందు ఇది గమనించాలి. మీ పని అబెషే చుట్టుపక్కల స్థానిక ఊళ్ళల్లో అయితేనే ఇది పనికొస్తుంది.

ఇప్పుడు మార్కులు పూర్తిగా పడే భాగం. ఈయన భాషని ఊరికే భాషలా చెప్పరు. వదాయి ఒకప్పుడు రాజ్యం, అదీ పెద్ద రాజ్యం. 17వ శతాబ్దంలో అబ్ద్ అల్ కరీం అనే ఆయన తుంజుర్ పాలకుల్ని దించేసి కట్టిన సుల్తానేట్ అది. దానికి వెన్నెముక మాబా తెగలే, కొదోయి, ఔలాద్ జెమ్మా లాంటివి. మొదటి రాజధాని వారా, అబెషేకి ఉత్తరాన కొండల మధ్య. అక్కడ కాల్చిన ఇటుకతో కట్టిన కోటగోడలు, మసీదు శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. నీళ్ళు చాలక 1850 ప్రాంతంలో రాజధాని అబెషేకి మారింది. నీళ్ళ పనివాడిగా ఆ కారణం వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంకో రాజ్యం కూడా బావులెండిపోయి మకాం మార్చిందన్నమాట! ఇక్కణ్ణుంచి లిబియాలోని కుఫ్రా మీదుగా బెన్ఘాజీ రేవు దాకా ఎడారిలో ఒంటెల దారి ఉండేది, ఏనుగు దంతాలు, ఈకలతో పాటు బానిసల్నీ తోలుకుపోయేవారు. ఆ చివరి ముక్క మాస్టారు దాచరు, అది కూడా మా చరిత్రే అంటారు.

ఇంత రాజ్యం ఉండి కూడా మాబాలో పాత రాతలెందుకు లేవని అడిగాను. దర్బారులో మాట్లాడేది మాబా అయినా రాసేది అరబిక్ అన్నారు. ఉత్తరాలు, దానపత్రాలు, లెక్కలు, అన్నీ. చదువుకున్నవాళ్ళంటే అరబిక్ వచ్చినవాళ్ళే. తర్వాత 1909లో ఫ్రెంచివాళ్ళు అబెషేని పట్టుకున్నారు, సుల్తాను దూద్ ముర్రా 1911 దాకా పోరాడి లొంగిపోయాడు. 1917లో అదే అబెషేలో ఫ్రెంచ్ సైన్యం మత పండితుల్నీ పెద్దమనుషుల్నీ పొడవాటి కత్తులతో నరికి చంపింది. ఆ కత్తి పేరు మీదే దాన్ని ఇప్పటికీ కూప్-కూప్ మారణకాండ అంటారు. బతికిన పండితులు చాలామంది తూర్పుకి వెళ్ళిపోయారు. 1935లో సుల్తాను పదవిని మళ్ళీ ఇచ్చారు, ఇప్పుడూ ఉంది, పాత అధికారం లేకుండా. ఇదంతా ఆయన క్రియల పాఠం మధ్యలో చెప్తారు. నాలాంటివాళ్ళకి ఇదే అసలు లాభం. వ్యాకరణం మాత్రమే కావాలి, కథలొద్దు అనుకునేవాళ్ళకి చిరాకు పుట్టొచ్చు, ఆ యూరప్ అమ్మాయి మూడో వారమే మానేసింది.

టైము గురించి చెప్పాలి. సాయంత్రం నాలుగున్నర అంటే అస్ర్ నమాజు అయ్యాక, ఎవరో వస్తే వాళ్ళని సాగనంపాక, టీ పెట్టాక. ఒక్కోసారి అయిదున్నర. మగ్రిబ్‌కి, అంటే పొద్దుగూకే వేళ నమాజుకి, ఆయన మళ్ళీ లేచిపోతారు కాబట్టి గంటన్నర అన్నది గంట కిందికి దిగిపోతుంది, ఫీజు మాత్రం దిగదు. రెండుసార్లు అడిగాక, మిగిలిన సమయం తర్వాతి క్లాసులో కలుపుతానన్నారు, కలిపారు కూడా, కానీ ప్రతిసారీ మనమే గుర్తుచేయాలి. కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటే. వర్షాకాలంలో వాగులు పొంగి ఊరి బయటి రోడ్లు మూసుకుపోయినప్పుడు మేం పనికెళ్ళలేక ఖాళీగా ఉంటాం, అప్పుడు వరసగా క్లాసులు పెట్టించుకోవడం తెలివైన పని.

తిండి సంగతి రాయకపోతే మనవాళ్ళు ఊరుకోరు. క్లాసులో మూడు విడతల టీ, చిన్న గాజు గ్లాసుల్లో, చక్కెర పాకమే. షుగర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పుకోండి, వద్దంటే ఒకటికి తగ్గిస్తారు, సున్నాకి రారు. ఎండగా ఉంటే కర్కంజి ఇస్తారు, ఎరుపు రంగులో పుల్లగా ఉంటుంది. అడిగి చూస్తే అది ఎర్ర గోంగూర కాయల మీది రేకలు మరిగించి తీసిన నీళ్ళే. మనం ఆకు తింటాం, వీళ్ళు రేకలు తాగుతారు. ఒకసారి ఉండమని బలవంతం చేసి సజ్జపిండి ముద్ద, దానికి ఎండు బెండకాయ పొడి, ఎండు మాంసం వేసి చేసిన జిగురు పులుసు పెట్టారు. బెండ ఒరుగులు తిన్న ఊళ్ళవాళ్ళకి అది కొత్తగా అనిపించదు, కారం మాత్రం సొంతంగా తెచ్చుకోవాలి. పెద్దావిడ, అంటే మాస్టారి అమ్మగారు, ఆవిడకి ఫ్రెంచ్ రాదు, అరబిక్ రాకేం, కానీ నాతో మాట్లాడరు ఆ భాషలో. ముద్ద చేత్తో పట్టుకుని మాబాలో ఏదో అడుగుతారు, నేను జవాబు చెప్పేదాకా గిన్నె నా వైపు జరపరు. ఆ ఇంట్లో అసలు టీచర్ ఆవిడే అని నాకు గట్టి అనుమానం. ఫీజులో ఆవిడ వాటా ఎంతో అడిగే ధైర్యం రాలేదు.

పిల్లల సంగతి ఒకటి నాకు నచ్చలేదు, దానికి మాస్టార్ని అనలేం. ఆయన మనవలు స్కూల్లో ఫ్రెంచ్, ఖురాన్ బడిలో అరబిక్, వీధిలో చాద్ అరబిక్. తాతతో మాబాలో మొదలుపెట్టి రెండో వాక్యానికి అరబిక్‌లోకి జారిపోతారు. పల్లెల్లో ఇలా లేదు, అక్కడ పిల్లలు మాబాలోనే పోట్లాడుకుంటారు. పట్నంలో మాత్రం పరాయివాడైన నాకు పాఠం చెప్తుంటే వెనక నిలబడి వాళ్ళూ వింటుంటారు, నేను క్రియ తప్పు చెప్తే ముందు నవ్వేది వాళ్ళే, సరైన రూపం చెప్పమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఎవరు చేరాలి: ఆరు నెలలకి తక్కువ కాకుండా ఉండేవాళ్ళు, ఊళ్ళల్లోకి వెళ్ళే పని ఉన్నవాళ్ళు, అరబిక్‌లో కనీసం బేరమాడగలిగేవాళ్ళు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి, నెలా రెండు నెలల కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళకి అక్కర్లేదు, ఆ డబ్బుతో మంచి దోమతెర కొనుక్కోండి. డబ్బు నోట్ల రూపంలోనే తీసుకుంటారు, చిల్లర ఉండదు, 500, 1,000 నోట్లు జేబులో ఉంచుకోండి. నెల ఫీజు ముందే ఇవ్వమంటే ఇవ్వకండి, క్లాసు క్లాసుకి ఇస్తానంటే ఒప్పుకుంటారు. రంజాన్ నెలలో పాఠాలు రాత్రి భోజనాల తర్వాతే, అప్పటికి మీకు నిద్ర ముంచుకొస్తుంది, ఆ నెల వదిలేయండి. ఆడవాళ్ళు వెళ్తే పెద్దావిడ దగ్గర కూర్చోబెడతారు, ఫీజు అంతే, నా లెక్కన వాళ్ళకే ఎక్కువ గిట్టుబాటు.